ఒక ఇల్లు, నాలుగు దేవదాసులు: సినిమా ఫైళ్లకు పేర్లు పెట్టడంపై ఒక కేస్ స్టడీ

నేపథ్యం

బెంగళూరు తూర్పు వైపు, ఔటర్ రింగ్ రోడ్డుకు దగ్గర్లోని ఒక అపార్ట్‌మెంట్. మూడు తరాల తెలుగు కుటుంబం. ఎవరో పోల్చుకోకుండా ఇంటి వివరాలు తీసేశాను. ఫైళ్ల సంగతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే. వీసీడీలు వచ్చిన రోజుల నుంచి ఇంటి పెద్దాయన కొన్న డిస్కులు బీరువా నిండా ఉన్నాయి. కొడుకు తీరిక దొరికినప్పుడల్లా వాటిని హార్డ్ డ్రైవుల్లోకి ఎక్కిస్తూ వచ్చాడు. ఈ ఫైళ్లను సర్దే పని మా దగ్గరికి వచ్చేసరికి మూడు ఎక్స్‌టర్నల్ డ్రైవులు, ఒక పాత ల్యాప్‌టాప్, కొత్తగా కొన్న ఒక చిన్న పీసీ, అందులో జెల్లీఫిన్ సర్వర్, అంటే ఇంట్లోని సినిమా ఫైళ్లను పోస్టర్లతో సహా టీవీలో చూపించే ప్రోగ్రామ్. సినిమాలు 600 ఉంటాయని ఇంట్లోవాళ్ల అంచనా. ఫైళ్లు 2,000 దాటాయి.

ఇంట్లో ఎవరు ఏ లిపి చదువుతారన్నది ఈ కేసులో ముఖ్యం. పెద్దావిడ తెలుగు తప్ప చదవరు. మనవలిద్దరూ తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు, స్కూల్లో నేర్చింది ఇంగ్లీషూ కన్నడమూ. కొడుకూ కోడలూ ఏ లిపికైనా సిద్ధమే. అంటే టీవీ ముందు కూర్చునేవాళ్లకు ఉమ్మడి లిపి లేదు.

పని మొదలుపెట్టే ముందే రెండు హద్దులు పెట్టుకున్నాం. డ్రైవుల్లోకి ఇప్పటికే ఎక్కిన, కొన్న డిస్కుల ఫైళ్లతోనే పని. డిస్కుల రక్షణ తాళాల జోలికి పోకూడదు.

ఒక మాట. ఈ వ్యాసంలో ఫైలు పేర్లన్నీ చదవడానికి వీలుగా తెలుగు లిపిలో రాస్తున్నాను. అసలు ఫైళ్లకు పెట్టినవి ఇంగ్లీషు అక్షరాలే. ఎందుకో ముందుముందు వస్తుంది.

సమస్య

"సినిమా ఉందని తెలుసు, దొరకదు." ఇంట్లో అందరి ఫిర్యాదూ ఇదే. జెల్లీఫిన్ పెట్టాక అది తగ్గలేదు సరికదా, కొత్తవి తోడయ్యాయి. దేవదాసు 1953లో వచ్చింది, 1974లో వచ్చింది, 2006లో వచ్చింది, 2018లో దేవదాస్ అని వచ్చింది. ఈ ఇంట్లో నాలుగూ ఉన్నాయి. వాటిలో మూడింటికి ఒకే పోస్టరు పడింది. ఘర్షణ అని ఉన్న రెండు ఫైళ్లకూ 2004 నాటి వెంకటేశ్ సినిమా పోస్టరే వచ్చింది. నిజానికి వాటిలో ఒకటి 1988 నాటి తమిళ అగ్నినక్షత్రానికి తెలుగు డబ్బింగ్. కొడుకు కోడళ్ల పెళ్లి వీడియోకు 'పెళ్లి 1', 'పెళ్లి 2' అని పేర్లుంటే, సర్వర్ వాటికి 1997 నాటి పెళ్లి సినిమా వివరాలూ నటీనటుల జాబితా తగిలించింది. పిల్లలకు ఇది మహా సరదాగా ఉంది, పెద్దావిడకు కాదు.

మూడు వీసీడీల సినిమా మూడు సినిమాలుగా కనబడుతోంది. డీవీడీ నుంచి వచ్చిన వీఓబీ ఫైళ్లు ఒక్కొక్కటీ గరిష్ఠంగా 1 జీబీ ముక్కలు. అవి విడిగా పడి ఉంటే ఒక్కో ముక్కా ఒక్కో సినిమా అయిపోతోంది. కొన్ని ఫైళ్లకు పేరు ఎన్నిసార్లు మార్చినా టీవీలో పాత పేరే వస్తోంది.

అంతకుముందు ఇంట్లో జరిగిన ప్రయత్నాలు

వాళ్లేమీ చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఒక్కో డ్రైవులో ఒక్కో కాలపు పద్ధతి కనిపించింది. అవి ఎందుకు నిలవలేదో చూస్తే సగం రోగం అక్కడే దొరికింది.

మొదటిది హీరోల ఫోల్డర్లు. తెలుగిళ్లలో అందరికీ ముందు తోచేది ఇదే. ఎన్టీఆర్, ఏఎన్నార్, కృష్ణ, చిరంజీవి అని ఫోల్డర్లు పెట్టుకుంటూ పోయారు. గుండమ్మ కథ (1962) దగ్గర ఆగిపోయింది. అది ఇద్దరిదీ కదా, అందుకని రెండు ఫోల్డర్లలోనూ ఒక్కో కాపీ వేశారు. మాయాబజార్ (1957) మూడు చోట్ల ఉంది, ఎస్వీఆర్‌కు కూడా ఒక ఫోల్డరుంది మరి. కొన్నాళ్లకు మంచి డీవీడీ దొరికితే ఒక కాపీని మార్చారు, మిగతావి పాత వీసీడీ ప్రింట్లుగానే ఉండిపోయాయి. ఇప్పుడు ఏది మంచిదో తెరిచి చూస్తే తప్ప తెలియదు. ఫైలు ఒకే చోట ఉంటుంది, సినిమాలో హీరోలు ఇద్దరు ముగ్గురుంటారు. ఈ రెంటికీ పొత్తు కుదరదు.

రెండోది భాషల ఫోల్డర్లు: తెలుగు, తమిళం, కన్నడం, హిందీ. దీన్ని దెబ్బతీసింది బెంగళూరులోనే తీసిన సినిమా కావడం విశేషం. సింగీతం శ్రీనివాసరావు తీసిన పుష్పక విమానం (1987)లో మాటలే లేవు. కన్నడంలో పుష్పక విమాన, తమిళంలో పేసుం పడం, హిందీలో పుష్పక్ అన్న పేర్లతో ఆడిన ఆ సినిమాను ఏ భాష ఫోల్డర్లో పెడతారు? ఈ ఇంట్లో అది కన్నడంలోనూ తెలుగులోనూ ఉంది, పేర్లు వేరు, లోపలి ఫైలు ఒక్కటే. దీనికి తోడు 2021లో పుష్పక విమానం పేరుతో మరో తెలుగు సినిమా వచ్చింది.

మూడోది, కొడుకు పాత మ్యాక్‌బుక్ మీద కూర్చుని ఓ వంద సినిమాలకు తెలుగు లిపిలో పేర్లు పెట్టడం. అమ్మ చదువుకోవాలన్న మంచి ఉద్దేశం. కానీ టీవీ సొంత ప్లేయర్లో తెలుగు ఫాంటు లేదు, పెన్‌డ్రైవ్ పెడితే అన్నీ డబ్బాలే. అంతకన్నా చిక్కుది లోపల ఉంది. పాతాళ భైరవి (1951) ఫైలు ఒకే ఫోల్డర్లో ఒకే పేరుతో రెండుసార్లు కనబడుతోంది. ఏ కంప్యూటరైనా ఒకే ఫోల్డర్లో ఒకే పేరు రెండుసార్లు ఒప్పుకోదు కదా అన్నది అతని ప్రశ్న. కంటికి ఒకటే గానీ బైట్లలో వేరు. యూనికోడ్‌లో 'ఐ' గుణింతపు గుర్తును ఒకే కోడ్‌గానూ రాయవచ్చు, రెండు ముక్కలుగానూ రాయవచ్చు. పాత మ్యాక్‌ల ఫైల్ సిస్టమ్ దాన్ని విడగొట్టి దాస్తుంది, విండోస్‌లో టైపు చేస్తే కలిసే ఉంటుంది. 'భై' ఉన్న ప్రతి పేరుకూ ఈ ప్రమాదం ఉంది. ఇక పొల్లు పక్కన అక్షరం కలిసిపోకుండా మనం వేసే కనబడని విభజన గుర్తు ఒకటుంది. 'లవ్‌స్టోరీ' అని అది వేసి ఒకసారి, వేయకుండా ఒకసారి రాస్తే వెతుకులాటలో రెండూ కలవవు.

పొడవుతో కూడా ఇబ్బందే. లినక్స్‌లో వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో ఒక పేరుకు పరిమితి 255 బైట్లు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్‌కు 3 బైట్లు, అంటే 85 కోడ్‌లకే సరి. 'శ్రీ' మనకు ఒక అక్షరం, కంప్యూటరుకు నాలుగు కోడ్‌లు, 12 బైట్లు. సినిమా పేర్లు అంత దూరం పోవు గానీ, "అమ్మమ్మగారి ఇంట్లో చిన్నోడి అన్నప్రాసన" తరహాలో ఇంకా పొడవుగా రాసుకున్న ఇంటి వీడియోల పేర్లు కొన్ని విండోస్ డ్రైవు నుంచి కొత్త పీసీకి కాపీ కాకుండా మొరాయించడానికి కారణం ఇదే.

నాలుగోది ఒక్క నొక్కుతో పేర్లు మార్చే ప్రోగ్రామ్. దాని సంగతి విడిగా చెప్పుకోవాలి. ఎక్కువ నష్టం చేసింది అదే.

ఆటోమేటిక్ పద్ధతి ఎందుకు పనిచేయలేదు

ఇలాంటి ప్రోగ్రాములు ఫైలు పేరులోని మాటలను తీసుకుని టీఎండీబీ వంటి సినిమా వివరాల డేటాబేస్‌లో వెతికి, మొదట వచ్చిన ఫలితాన్ని అంటగడతాయి. హాలీవుడ్ సినిమాకు చాలావరకు ఒకే స్పెల్లింగ్ ఉంటుంది. తెలుగు పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు ఎవరి స్పెల్లింగ్ వాళ్లది. దీర్ఘానికి ఒక 'ఏ' పెట్టేవాళ్లు కొందరు, రెండు పెట్టేవాళ్లు కొందరు. చివరి 'ఉ' రాసేవాళ్లూ ఉన్నారు, మింగేసేవాళ్లూ ఉన్నారు. ఆ చివరి ఉకారం పోతే దేవదాసు కాస్తా హిందీ దేవదాస్‌ల గుంపులో పడుతుంది.

ముందుగా ఒక నమూనా ఫోల్డర్ కాపీ మీద అదే ప్రోగ్రామును మళ్లీ నడిపి చూశాం, అసలు ఫైళ్లను ముట్టుకోకుండా. తప్పులు ఒక పద్ధతిలో వస్తున్నాయని తేలింది. పేరు పక్కన సంవత్సరం ఉన్నవి దాదాపు అన్నీ సరిగ్గా దొరికాయి. సంవత్సరం లేనివాటిలో, ఒకే పేరుతో పలు సినిమాలున్న ప్రతిచోటా కొత్త సినిమానే గెలిచింది. డబ్బింగ్ పేర్లు సగం దొరకలేదు, దొరికినవాటిలో ఘర్షణ లాంటి పొరపాట్లు. రెండు భాషల్లో తీసినవి కలగాపులగం. అంటే సాఫ్ట్‌వేర్ మార్చినంత మాత్రాన ఇది పోదు. ఏది ఒక సినిమా, ఏది రెండు సినిమాలు అన్న నిర్ణయం ముందు మనుషులు చేయాలి.

ఆ ప్రోగ్రాము చేసిన అసలు నష్టం వేరే. కొడుకు దాన్ని ఒక డ్రైవు మొత్తం మీద నడిపినప్పుడు పాత పేర్ల జాబితా దాచుకోలేదు. పాత పేరు ఎంత గజిబిజిగా ఉన్నా అందులో ఒక ఆధారం ఉంటుంది: డిస్కు నంబరు, కంపెనీ పేరు, పెద్దాయన పెట్టుకున్న గుర్తు. అవన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఈ ఒక్క డ్రైవుకు పట్టినంత సమయం మిగతా రెంటికీ కలిపి పట్టలేదు.

మొదటి నిర్ణయం: పేరు మీద ఎంత బరువు వేయాలి

హీరో, దర్శకుడు, భాష, ప్రింటు నాణ్యత, పిల్లలు చూడదగ్గదా కాదా, ఇవన్నీ పేరులోనో ఫోల్డర్లోనో ఇరికించాలని అందరూ కోరారు. మేం ఒప్పుకున్నవి మూడే: ఏ సినిమా, ఏ సంవత్సరం, ఏ వెర్షన్. మిగతా ఏదైనా సరే సర్వర్ దగ్గరి వివరాల్లోకి పోవాలి. కారణం సులువు. ఈ మూడూ ఎప్పటికీ మారవు. మిగతావి మారతాయి, లేదా ఒకటికి మించి ఉంటాయి. మారేదాన్ని పేరులో పెడితే మారినప్పుడల్లా పేరు మార్చాలి, పేరు మారితే సర్వర్‌కు అది కొత్త సినిమా, ఎంతవరకు చూశారన్న గుర్తులు పోవచ్చు.

కాబట్టి అన్ని సినిమాలూ ఒకే 'సినిమాలు' ఫోల్డర్ కింద, ఒక్కోదానికి ఒక్కో ఫోల్డర్. లోపల మళ్లీ వర్గాలు లేవు. పెద్దాయనకు ఇది మొదట మింగుడుపడలేదు. ఎన్టీఆర్ సినిమాలన్నీ ఒకచోట చూడాలంటే ఎలా అన్నారు. జెల్లీఫిన్‌లో నటుడి పేరు నొక్కితే వస్తాయి, లేదా కలెక్షన్ చేసుకోవచ్చు. గుండమ్మ కథ రెండు కలెక్షన్లలోనూ ఉంటుంది, ఫైలు మాత్రం ఒకటే. గుండమ్మ కథను రెండు వైపుల నుంచీ తెరిచి చూపించాక ఆయన పట్టు సడలించారు.

లెక్క తీయడం

పేర్లు మార్చే ముందు ఏ ఫైలూ కదపకుండా ఒక స్ప్రెడ్‌షీట్ తయారుచేశాం. ఒక్కో ఫైలుకు ఒక్కో వరుస: ఏ డ్రైవు, పూర్తి పాత దారి, సైజు, నిడివి, రిజల్యూషన్, ఆడియో ట్రాకులెన్ని, షా-256 హ్యాష్ (ఫైలు లోపలి సరుకు నుంచి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి గుర్తు). నిడివీ రిజల్యూషనూ మీడియాఇన్ఫో అనే ప్రోగ్రామ్ ఇస్తుంది. హ్యాష్ ఒకటే అయితే పేర్లు ఏవైనా లోపలిది ఒకే ఫైలు. డూప్లికేట్లలో ఎక్కువ భాగం ఇక్కడే బయటపడ్డాయి. చివర్లో 'కొత్త పేరు' అని ఖాళీ నిలువు వరుస. పేరు మార్చేది ఈ షీటును చూసే, తిరగ్గొట్టాలన్నా ఈ షీటే ఆధారం.

ఆ తర్వాత గుర్తుపట్టే పని. వరుసగా మూడు ఆధారాలు చూశాం.

మొదటిది ఫైలు మొదట్లో వచ్చే సెన్సార్ సర్టిఫికెట్. సినిమా పేరు, భాష, తేదీ అక్కడే ఉంటాయి. చాలా వీసీడీల్లో దాన్ని కోసేశారు గానీ, ఉన్నచోట ఇంతకు మించిన సాక్ష్యం లేదు. అయితే సర్టిఫికెట్ సంవత్సరమూ విడుదల సంవత్సరమూ ఒకటి కానక్కర్లేదు. శంకరాభరణం విడుదలైంది 1980 ఫిబ్రవరిలో. జాతీయ పురస్కారం వచ్చింది 1979 సినిమాల కోటాలో. ఇలాంటిచోట వాదన పెట్టుకోకుండా టీఎండీబీలో ఉన్న సంవత్సరమే తీసుకోవాలన్నది నియమం. సర్వర్ అడిగేది దాన్నే కాబట్టి, మనకు ఏది న్యాయమనిపించినా సరే.

రెండోది నిడివి. ఇక్కడ ఒక మెలిక. సెకనుకు 24 ఫ్రేములతో తీసిన సినిమాను పాల్ అనే టీవీ ప్రమాణపు డిస్కుకు ఎక్కించేటప్పుడు 25 ఫ్రేములతో పరిగెత్తిస్తారు, నిడివి 4 శాతం తగ్గుతుంది. 180 నిమిషాల సినిమా 172 నిమిషాల 48 సెకన్లకు వస్తుంది. ఏమీ కోయకపోయినా ఏడు నిమిషాలు తక్కువ. ఎన్‌టీఎస్‌సీ అనే మరో టీవీ ప్రమాణంలో వచ్చిన డీవీడీల్లో ఈ తేడా ఉండదు. కనుక పాల్ ఫైళ్ల నిడివిని 25తో హెచ్చించి 24తో భాగించి ఆ తర్వాతే డేటాబేస్‌తో పోల్చాం. అప్పటికీ పది నిమిషాలకు పైగా తేడా ఉంటే పాటలు కోసిన ప్రింటు అని షీటులో రాసుకున్నాం.

మూడోది మనుషులు. పెద్దావిడకు టైటిల్ కార్డు అక్కర్లేదు, ఒక సీను చూపిస్తే చాలు. ఆవిడను పక్కన కూర్చోబెట్టుకున్న రోజుల్లో పని నడిచిన వేగం ఏ సాఫ్ట్‌వేర్‌కూ రాలేదు.

ఒకటా, రెండా

ఈ కేసులో ఎక్కువ ఆలోచన పెట్టింది ఇక్కడే. నియమాలు ముందు కాగితం మీద రాసుకుని, ఇంట్లో అందరూ సరేనన్నాకే పేర్లు మొదలుపెట్టాం.

రెండు భాషల్లో విడివిడిగా తీస్తే రెండు సినిమాలు. మిస్సమ్మ (1955) తెలుగులో ఎన్టీఆర్ ఉన్న వేషంలో తమిళ మిస్సియమ్మలో జెమినీ గణేశన్ ఉంటాడు. సావిత్రి రెండింటిలోనూ ఉంటుంది. మాయాబజార్ తమిళంలో అభిమన్యుడు జెమినీ గణేశనే. బొమ్మే వేరు కాబట్టి ఒక ఫైలుకు రెండు ఆడియోలు పెట్టి సరిపెట్టలేం. వేర్వేరు ఫోల్డర్లు, వేర్వేరు టీఎండీబీ నంబర్లు ఉంటే వేర్వేరు నంబర్లు.

డబ్బింగ్ అయితే సినిమా ఒకటే. ఫోల్డరుకు అసలు సినిమా పేరు, అసలు సంవత్సరం. నాయకుడు ఫైలు 'నాయకన్ (1987)' కింద, పాత ఘర్షణ 'అగ్నినక్షత్రం (1988)' కింద ఉంటాయి. గీతాంజలి (1989) దీనికి అద్దంలో బొమ్మ లాంటిది: అది మణిరత్నం తెలుగులోనే తీసిన సినిమా, తమిళంలోకి పోయింది డబ్బింగ్. తమిళ దర్శకుడని దాన్ని తమిళం కింద పెట్టిన ఫోల్డర్లు చాలా చోట్ల కనిపిస్తాయి. డబ్బింగ్ సినిమాను తెలుగు పేరుతోనే వెతుక్కునే పెద్దావిడ సంగతి పేరులో కాదు, తెర మీద తేల్చాం. అది తర్వాత.

రంగులు వేసినా, పాటలు కోసినా, కొత్త ప్రింటు తీసినా అదే సినిమాకు మరో వెర్షన్. మాయాబజార్‌కు రంగులద్ది 2010లో మళ్లీ విడుదల చేశారు. కొడుకు దాన్ని 'మాయాబజార్ (2010)' అన్నాడు. అలా రాస్తే సర్వర్‌కు ఆ సంవత్సరంలో అలాంటి సినిమా దొరకదు, దొరికితే ఇంకేదో దొరుకుతుంది. అది 1957 ఫోల్డర్లోనే ఉండాలి, చివర వెర్షన్ గుర్తుతో.

పేరు రూపం

చివరికి నిలిచింది ఇది. ఫోల్డర్:

మాయాబజార్ (1957) [టీఎండీబీఐడీ-నంబరు]

లోపల ఫైళ్లు:

మాయాబజార్ (1957) [టీఎండీబీఐడీ-నంబరు] - బ్లాక్ అండ్ వైట్.ఎంకేవీ
మాయాబజార్ (1957) [టీఎండీబీఐడీ-నంబరు] - కలర్.ఎంకేవీ

జెల్లీఫిన్ ఈ రెంటినీ ఒకే సినిమాగా చూపించి వెర్షన్ ఎంచుకోమంటుంది. అలా కలవాలంటే ఫైలు పేరు మొదటి భాగం ఫోల్డర్ పేరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి, తర్వాత ఖాళీ, అడ్డగీత, ఖాళీ, ఆపైన గుర్తు. ఒక్క ఖాళీ తక్కువైనా రెండు సినిమాలుగా విడిపోతాయి. ఇలాంటి గుర్తులను అది అక్షరక్రమంలో పేర్చి మొదటిదాన్ని ముందు ఆడిస్తుంది. ఇంగ్లీషు వరుసలో బ్లాక్ ముందు, కలర్ తర్వాత. పెద్దావిడ మనవడితో "ఒరేయ్, నాకా రంగుల బొమ్మ వద్దురా, పాతదే పెట్టు" అనే అవసరం అలా తప్పింది.

చదరపు బ్రాకెట్లలోని నంబరు టీఎండీబీలో ఆ సినిమా పేజీకి ఉండే నంబరు. అది ఉంటే సర్వర్ ఊహించదు, నేరుగా ఆ సినిమాకే పోతుంది. 600 సినిమాలకూ నంబర్లు వెతకడం విసుగు పని, అందుకని ముందు సంవత్సరంతోనే స్కాన్ చేసి, తప్పు వచ్చినవాటికీ ఒకే పేరున్న జంటలకూ మాత్రం నంబరు చేర్చాం. నాలుగు దేవదాసులకూ చేర్చాం. ప్లెక్స్ అనే మరో సర్వర్ వాడేవాళ్లకు బ్రాకెట్ల తీరు వేరు, అక్కడ మీసాల బ్రాకెట్లు.

ఇంగ్లీషు అక్షరాలే ఎందుకన్నది పై చిక్కులు చూశాక చెప్పనక్కర్లేదు. స్పెల్లింగ్ ఎవరిది? టీఎండీబీలో ఉన్నదే, మనకు నచ్చకపోయినా. నచ్చిన స్పెల్లింగ్ అని మొదలుపెడితే ఇంట్లో నలుగురికీ నాలుగు.

వాడకూడని గుర్తులు కొన్ని ఉన్నాయి. విండోస్‌లో కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రం, డబుల్ కోట్ గుర్తు, నిలువు గీత, వాలు గీతలు, చిన్నదీ పెద్దదీ అనే గుర్తులు పనికిరావు. బాహుబలి: ద బిగినింగ్ (2015)లో కోలన్ తీసేయాలి. లినక్స్‌లో కోలన్ పెట్టుకోవచ్చు గానీ నెట్‌వర్క్ మీద విండోస్ నుంచి చూస్తే ఆ ఫోల్డర్ పేరు గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. 7/జి బృందావన్ కాలనీ (2004)లోని వాలు గీత ఎక్కడా చెల్లదు, ఫోల్డర్లను విడదీసే గుర్తే అది. పేరు చివర చుక్క గానీ ఖాళీ గానీ ఉండకూడదు.

ఉపశీర్షికల ఫైలుకు సినిమా ఫైలు పేరే, చివర భాష గుర్తు. ఇక్కడ ఈ ఇంట్లో దొర్లినట్టే చాలామందికి దొర్లుతుంది. తెలుగుకు రెండక్షరాల గుర్తు టీ-ఈ. టీ-ఎల్ పెడితే అది టగలాగ్. కన్నడానికి కే-ఎన్, కే-ఏ అంటే జార్జియన్. టీవీలో పిల్లలకు కన్నడ ఉపశీర్షికలు 'జార్జియన్' అని కనబడటానికి కారణం ఇదే.

వీసీడీ ముక్కలు

వీసీడీ తెరిస్తే ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డర్, లోపల ఏవీసెక్01 అనే పేరుతో డీఏటీ రకం ఫైలు. ఏ డిస్కు తెరిచినా ఇదే పేరు. ఒక సినిమా మూడు డిస్కులను ఒకే ఫోల్డర్లోకి లాగితే రెండోది మొదటిదాని మీద పడుతుంది, లేదా విండోస్ పక్కన (2), (3) తగిలిస్తుంది. డిస్కులు ఏ వరుసలో పెట్టారో ఎవరికీ గుర్తులేదు కాబట్టి ఆ నంబర్లను నమ్మలేం. వరుస తేల్చింది సినిమాయే: టైటిల్స్ ఉన్నది మొదటిది, 'శుభం' పడేది చివరిది. నాలుగు ముక్కలుంటే 'విశ్రాంతి' కార్డు ఎక్కడుందో చూసి మధ్యవి తేల్చాం.

వీటిని కలిపి ఒకే ఫైలు చేయాలని మొదటి ఆలోచన. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రామ్‌తో మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండానే, అంటే వీడియోను కొత్తగా కుదించకుండానే, కలపవచ్చు. వీసీడీ బొమ్మ అసలే 352×288, మళ్లీ ఎన్‌కోడ్ చేస్తే ఉన్నదీ పోతుంది. చాలావాటికి పనిచేసింది. కొన్నింట్లో మాత్రం అతుకు దాటాక మాట పెదవులకు వెనకబడింది, గీతలు పడిన డిస్కుల్లో టైమింగ్ చెడి ఉండటం వల్ల. అలాంటివాటిని సరిచేసే ప్రయత్నం వదిలేసి, పేరు చివర -పార్ట్1, -పార్ట్2, -పార్ట్3 అని పెట్టి ఒకే ఫోల్డర్లో ఉంచాం. జెల్లీఫిన్ వాటిని వరుసగా ఆడిస్తుంది. ఒక షరతు: పార్టులుగా ఉన్న సినిమాకు వెర్షన్లు కుదరవు. అదే సినిమాకు డీవీడీ ప్రింటు కూడా ఉంటే వీసీడీ ముక్కలను పక్కన పెట్టాలి. అలా పెట్టాల్సి వచ్చినచోట మంచి ప్రింటే మిగిలింది కనుక ఎవరూ బాధపడలేదు.

డీవీడీ వీఓబీ ముక్కల విషయం తేలిక. వీడియో_టీఎస్ ఫోల్డర్ ఐఎఫ్‌ఓ ఫైళ్లతో సహా పూర్తిగా ఉన్నచోట మేక్‌ఎంకేవీ అనే ప్రోగ్రామ్ దాన్ని ఒకే ఎంకేవీ వీడియో ఫైలుగా మార్చింది, నాణ్యత తగ్గదు.

పేరు మార్చినా మారని పేరు

ఎంకేవీ ఫైలు లోపల 'టైటిల్' అని వేరే ఒక గడి ఉంటుంది. కొన్ని టీవీలూ ప్లేయర్లూ ఫైలు పేరు వదిలేసి దాన్ని చూపిస్తాయి. ఎంకేవీటూల్‌నిక్స్ అనే ప్రోగ్రామ్‌లోని హెడర్ ఎడిటర్‌తో ఆ గడిని ఖాళీ చేస్తే సరి. అదే చోట ఆడియో ట్రాకు భాషలు కూడా సరిచేశాం. డబ్బింగ్ ఫైళ్లలో ఏది తెలుగు, ఏది తమిళం అన్నది చాలావాటికి 'తెలియదు' అని ఉంది. తెలుగు ట్రాకును డిఫాల్టు చేశాం.

ఇక్కడ వరుస ముఖ్యం. పేరు మార్చితే హ్యాష్ మారదు, హెడర్ మార్చితే మారుతుంది. అందుకని ముందు పేర్లు మార్చి, కొత్త చోటికి కాపీ చేసి, హ్యాష్ కలిసిందని చూసుకున్నాకే హెడర్ ముట్టుకోవాలి. ఆపైన కొత్త హ్యాష్ రాసుకోవాలి. తిరగేసి చేస్తే కాపీలో ఫైలు చెడిందా, మనమే మార్చామా అన్నది ఎప్పటికీ తేలదు.

తెర మీద తెలుగు

ఫైలు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నా, జెల్లీఫిన్‌లో టైటిల్ గడిలో తెలుగు లిపి పెట్టాం: మాయాబజార్, నాయకుడు, ఘర్షణ. డబ్బింగ్ సినిమా పెద్దావిడకు తెలిసిన పేరుతోనే కనబడుతుంది. 'ఒరిజినల్ టైటిల్', 'సార్ట్ టైటిల్' గడుల్లో ఇంగ్లీషు స్పెల్లింగ్. పిల్లలు ఇంగ్లీషులో టైపు చేసినా దొరుకుతుంది, పక్కనుండే అక్షరాల పట్టీ కూడా పనిచేస్తుంది. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో లిపిలో చూపించే ఏర్పాటు కోసం చూశాం గానీ, భాష ఎంపిక లైబ్రరీ మొత్తానికే ఉంది గానీ మనిషికొకటిగా లేదు. పిల్లలు పోస్టరు చూసి పట్టుకుంటున్నారు, అది చాలు.

చేత్తో మార్చిన ప్రతి సినిమాకూ వివరాలకు తాళం వేసే ఆప్షన్ పెట్టాలి. లేకపోతే తర్వాతి రిఫ్రెష్‌లో డేటాబేస్ పేరు వచ్చి కూర్చుంటుంది. ఈ వివరాలను ఎన్‌ఎఫ్‌ఓ ఫైళ్లుగా సినిమా పక్కనే దాచే సెట్టింగ్ ఆన్ చేశాం. రేపు పీసీ పోయినా, సర్వర్ మార్చినా, తెలుగు పేర్లు డ్రైవుతో పాటే వస్తాయి.

పెళ్లి వీడియోలూ బారసాలలూ సినిమాల లైబ్రరీ నుంచి పూర్తిగా బయటికి వచ్చాయి. వాటికి 'ఇంటి వీడియోలు' రకం లైబ్రరీ, డేటాబేస్‌లో వెతకడం ఉండదు. పేరు ముందు సంవత్సరం, నెల, రోజు అంకెల్లో, తర్వాత రెండు మూడు మాటలు. రోజు తెలియకపోతే నెలతో ఆపేయాలి, ఊహించి రాయకూడదు.

తర్వాత

డూప్లికేట్లు పోగా సినిమాలు వాళ్లనుకున్న 600 కన్నా తక్కువే తేలాయి. పెద్దాయన ఒప్పుకోలేదు, షీటు ముందుంచుకుని తానే లెక్కపెట్టుకున్నారు. కొన్ని ఖాళీలు దొరికాయి: డిస్కు బీరువాలో ఉంది, ఫైలు లేదు. అవి ఇప్పుడు ఆయన పని.

ఇలాంటి ఇల్లు మళ్లీ తగిలితే మొదటి రోజే చేయదగ్గవి రెండున్నాయి. ఒకటి, ఇంట్లోవాళ్లు ఏ ప్రోగ్రామూ నడపకముందే పాత పేర్ల జాబితా తీసి మరో చోట దాచడం. రెండు, ఒకే పేరున్న సినిమాలు, డబ్బింగులు, రెండు భాషల సినిమాలు, ఈ మూడు రకాలనూ ముందే విడదీసి చేత్తో చేయడం. మిగతావి సాఫ్ట్‌వేర్‌కు అప్పగించినా ఫర్వాలేదు, సంవత్సరం ఉంటే అది దాదాపు తప్పు చేయదు.

కొత్త డిస్కు ఎక్కించేటప్పుడు పాటించే పద్ధతి కూడా రాసిచ్చాం. ముందు 'వచ్చినవి' అనే ఫోల్డర్లోకి, డిస్కుకొక ఉప ఫోల్డరుతో. పేరు, సంవత్సరం, వెర్షన్ తేలాకే సినిమాల్లోకి. 'వచ్చినవి' ఫోల్డర్లో చుక్కతో మొదలయ్యే 'ఇగ్నోర్' అనే ఖాళీ ఫైలు పెడితే జెల్లీఫిన్ దాన్ని స్కాన్ చేయదు. దాని పక్కనే 'తేలనివి' అని మరొకటి ఉంది, దానికీ అదే ఏర్పాటు. మొదలూ చివరా లేని వీసీడీ ముక్కలు, టైటిల్స్ కోసేసిన పాత నలుపు తెలుపు సినిమాలు కొన్ని అందులో ఉన్నాయి. వాటికి పేరు ఊహించి పెట్టలేదు. పాత ఫైలు పేరూ, ఏ డ్రైవులో దొరికిందో షీటులో అలాగే ఉంచాం. పెద్దావిడ అప్పుడప్పుడు ఒకటి పెట్టించుకుని చూస్తున్నారు, అలా ఇప్పటికే కొన్ని తేలాయి.